క్వైటస్: అప్పు రసీదుకి "చావు" అనే అర్థం ఎలా వచ్చింది?

సందేహాల_పుట్ట
ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగులోకి మారుస్తుంటే "ద రూలింగ్ గేవ్ ద స్కీమ్ ఇట్స్ క్వైటస్" అనే వాక్యం తగిలింది. నిఘంటువు తీస్తే మూడు అర్థాలున్నాయి. ఒకటి మరణం. రెండోది బాకీ తీరినట్టు ఇచ్చే రసీదు. మూడోది దేన్నయినా అణచివేసి ఊరుకోబెట్టేది. ఈ మూడూ ఒకే మాటవా, లేక స్పెల్లింగ్ కలిసిన వేర్వేరు మాటలా? "క్వైట్", అంటే నిశ్శబ్దం, దానితో చుట్టరికం ఉందా? అసలు పలకడం ఎలా? తెలుగులో ఏం రాయాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

పదవేది
ముందు ఉచ్చారణ. రాసినట్టు చదివితే "క్వైటస్" అనిపిస్తుంది కానీ మాట మూడు అక్షరాలది: క్వై-ఈ-టస్. ఊనిక మధ్యలో ఉన్న "ఈ" మీద పడాలి. లాటిన్‌లో అక్కడ దీర్ఘం ఉంది, ఇంగ్లీషులో ఊనిక దాని మీదే నిలిచింది. "క్వైట్" అని పలికి చివర "అస్" తగిలించడం సాధారణంగా జరిగే పొరపాటు.

మూడు అర్థాలదీ ఒకే మూలం. మధ్యయుగపు లాటిన్‌లో "క్వియేటుస్ ఎస్ట్" అనే వాక్యం ఉండేది. "అతను విముక్తుడు", అంటే అతను ఇక ఏమీ బాకీ లేడని అర్థం. ఇంగ్లండు ఖజానా లెక్కల్లో ఎవరి పద్దు పూర్తిగా తేలితే వారి పేరు కింద గుమాస్తా ఈ మాట రాసేవాడు. 15వ శతాబ్దం నాటికి "క్వైటస్ ఎస్ట్" మొత్తం ఒక నామవాచకంలా ఇంగ్లీషులోకి వచ్చింది. 16వ శతాబ్దంలో "ఎస్ట్" రాలిపోయి క్వైటస్ మిగిలింది. కాబట్టి ఇది పుట్టుకతో ఒక రసీదు. చావు అర్థం తర్వాత వచ్చింది. అణచివేయడం అనేది ఇంకా తర్వాతది.

"క్వైట్"తో చుట్టరికం ఉంది. రెండూ లాటిన్ "క్వియేటుస్" నుంచే వచ్చాయి. అయితే ఆ లాటిన్ మాటకు "విశ్రాంతిగా ఉన్నది" అనేది పాత అర్థం. "పేచీ లేనిది, బాకీ లేనిది" అనేది మధ్యయుగంలో తోడైన అర్థం. క్వైట్ మొదటి దారిలో వచ్చింది, క్వైటస్ రెండో దారిలో.

జమాఖర్చు
పదవేది గారు "ఖజానా లెక్కల్లో" అని ఒక్క ముక్కలో దాటేశారు. అసలు విషయమంతా అక్కడే ఉంది.

మధ్యయుగపు ఇంగ్లండులో ఒక్కో కౌంటీలో, అంటే జిల్లాలో, రాజుగారి సొమ్ము వసూలు చేసేది షెరీఫ్. అతను ఏటా రెండుసార్లు ఎక్స్‌చెకర్ ముందు, అంటే ఖజానా లెక్కలు చూసే కార్యాలయం ముందు, హాజరు కావాలి. ఈస్టర్‌కి కొంత సొమ్ము కట్టి మధ్యంతర లెక్క చూపించాలి. సెప్టెంబరు చివర్లో వచ్చే మైకేల్మస్ పండుగకి పూర్తి లెక్క అప్పజెప్పాలి. లెక్క చూసే బల్ల సుమారు 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. పెట్టినవి దొర్లి పడకుండా చుట్టూ నాలుగు వేళ్ల ఎత్తు అంచు ఉండేది. దాని మీద గళ్ల గుడ్డ పరిచేవారు. పెన్నీలకు ఒక వరుస, షిల్లింగులకు ఒకటి, పౌండ్లకు ఒకటి, ఆపై ఇరవైలకు, వందలకు, వేలకు. ఈ వరుసల్లో బిళ్లలు పెడుతూ తీస్తూ అందరి కళ్లముందూ లెక్క కట్టేవారు. రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170ల చివర్లో రాసిన "ఎక్స్‌చెకర్ సంభాషణ" అనే పుస్తకంలో ఈ కొలతలన్నీ ఉన్నాయి. ఆ గళ్ల గుడ్డ చదరంగపు బల్లలా ఉండడం వల్లే ఎక్స్‌చెకర్ అన్న పేరు వచ్చింది.

ఇప్పుడు ఒక ఊహా పద్దు తీసుకుందాం. షెరీఫ్ కట్టాల్సింది 100 పౌండ్లు. 60 ఖజానాలో జమ చేశాడు. రాజాజ్ఞ మీద కోట మరమ్మతుకు 15 ఖర్చుపెట్టాడు, ఆ ఆజ్ఞాపత్రం చూపించాడు. మిగిలిన 25 అక్కడికక్కడ కట్టాడు. గుమాస్తా చివర్లో "ఎట్ క్వియేటుస్ ఎస్ట్" అని రాస్తాడు. కట్టింది 20 మాత్రమే అయితే "ఎట్ డెబెట్", అంటే "ఇంకా బాకీ", అని రాసి పక్కన 5 వేస్తాడు. ఆ 5 తర్వాతి సంవత్సరం లెక్కల చుట్టలోకి ఎక్కుతుంది. ఆజ్ఞాపత్రం పోగొట్టుకుంటే నిజంగా ఖర్చుపెట్టిన 15 కూడా బాకీగానే నిలుస్తుంది. ఇచ్చింది నిజమేనా అన్నది కాదు ప్రశ్న, చూపించగలవా అన్నదే.

ఈ పద్దులన్నీ పైప్ రోల్స్ అనే గొర్రెతోలు చుట్టల్లో ఉన్నాయి. మిగిలినవాటిలో అన్నిటికన్నా పాతది 1130 నాటిది. 1150ల నుంచి దాదాపు తెంపు లేకుండా 1830ల దాకా ఉన్నాయి. శతాబ్దాలపాటు అవే రెండు ముగింపులు: క్వియేటుస్ ఎస్ట్, లేదా డెబెట్.

గంటం
జమాఖర్చు గారూ, ట్యాలీ కర్రలు వదిలేశారే! సొమ్ము కట్టినట్టు చూపించే సాక్ష్యం అదే కదా.

జమాఖర్చు
పోస్టు పొడుగైందని వదిలేశాను. అడిగారు కాబట్టి చెబుతాను. సొమ్ము జమ చేసినప్పుడు సాధారణంగా హేజెల్ కర్ర మీద గాట్లు కోసేవారు. వెయ్యి పౌండ్లకు అరచేతి మందమంత గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక పౌండుకు పండిన బార్లీ గింజంత. షిల్లింగుకు అంతకన్నా సన్నం. పెన్నీకి చెక్క తొలగించకుండా ఒక్క కోత. తర్వాత ఆ గాట్ల మీదుగా కర్రను నిలువునా చీల్చేవారు. పొడుగు ముక్క సొమ్ము కట్టినవాడికి, పొట్టి ముక్క ఖజానాకి. తనిఖీలో రెండూ జోడించి చూస్తారు. ఒకడు తన ముక్కలో దొంగగాటు పెట్టినా రెండో ముక్కలో అది ఉండదు. చెక్క నారలు కూడా కలవాలి కాబట్టి కొత్త ముక్క తయారుచేసి తేవడమూ కుదరదు. ఈ జత కలిస్తేనే జమ, జమ కలిస్తేనే క్వైటస్.

ఈ కర్రల ముగింపు మాత్రం ఘోరం. వాడుక ఆగిపోయాక గుట్టలుగా మిగిలినవాటిని 1834 అక్టోబరు 16న ప్రభువుల సభ కింది పొయ్యిల్లో వేసి కాల్చారు. మంట అదుపు తప్పి పార్లమెంటు భవనమే చాలావరకు తగలబడింది.

సందేహాల_పుట్ట
బాగుంది. కానీ బాకీ తీర్చినవాడికి రసీదు ఇవ్వడం ఎక్కడైనా ఉండేదే. దానికి ఇంత బరువు ఎందుకొచ్చింది? మామూలు రసీదు అనే మాట "మరణం" దాకా పాకదు కదా.

పాత_దస్తావేజు
ఎందుకంటే ఎదుటి పక్షం రాజు.

మామూలు మనిషికి బాకీ పడితే కొంతకాలానికి కాలదోషం పడుతుంది. ఆ రోజుల్లో రాజుగారి బాకీకి కాలదోషం ఉండేది కాదు. "నుల్లుమ్ టెంపుస్ ఒక్కుర్రిట్ రేజి" అని ఇంగ్లీషు న్యాయసూత్రం: కాలం ఎంత గడిచినా రాజు హక్కుకు అడ్డు రాదు. తాత పద్దులో మిగిలిన బకాయి మనవడి భూమి మీదికి రావచ్చు. పైగా ఎలిజబెత్ కాలంలో 1571లో ఒక చట్టం వచ్చింది. రాజుగారి సొమ్ము చేతులు మారే ఖజానాదారులు, వసూలుదారులు వంటివారి భూములు, ఆస్తులు ఆ బాకీకి బాధ్యత వహించాలని దాని సారాంశం. అలాంటి ఉద్యోగి దగ్గర పొలం కొనేవాడు ముందు అడగాల్సింది "నీకు క్వైటస్ ఉందా?" అని. లేకపోతే కొన్న పొలం కూడా చిక్కులో పడుతుంది.

కాబట్టి క్వైటస్ అంటే సొమ్ము ముట్టిందని చెప్పే చీటీ ఒక్కటే కాదు. ఈ లెక్కను ఇక ఎవరూ, ఎప్పుడూ తిరగదోడరని ఇచ్చే హామీ. సొమ్ము కట్టడం ఒక రోజు పని. తిరగదోడే హక్కు పోవడమే అసలైన ముగింపు. మాటకు బరువు అక్కడినుంచి వచ్చింది.

రంగస్థలి
ఇక షేక్స్పియర్ దగ్గరికి రావచ్చు. హామ్లెట్ మూడో అంకం మొదటి దృశ్యంలో, "టు బి ఆర్ నాట్ టు బి" స్వగతంలో ఈ మాట వస్తుంది. ఒక మనిషి "హిజ్ క్వైటస్ మేక్ విత్ ఎ బేర్ బాడ్కిన్", అంటే ఒట్టి బాకుతో తన క్వైటస్ తాను చేసుకోగలిగి కూడా ఈ బాధలన్నీ ఎందుకు మోస్తాడు అని ప్రశ్న. చావు అనే అర్థానికి పునాది ఈ వాక్యమే. తర్వాతి రచయితలు ఇక్కడినుంచే ఎత్తుకున్నారు.

కానీ నిఘంటువులు చూసి "క్వైటస్ అంటే మరణం" అని ఇక్కడ పెట్టేస్తే వాక్యంలో ఉన్న వ్యంగ్యం పోతుంది. గమనించండి, "హీ హిమ్‌సెల్ఫ్" అంటాడు. తన క్వైటస్ తానే రాసుకోవడం. పై పోస్టుల్లో చెప్పినట్టు క్వైటస్ రాయాల్సింది తనిఖీదారు, లెక్క అప్పజెప్పేవాడు కాదు. బాకీదారు తన రసీదు తానే రాసుకుంటే అది చెల్లదు! ఆ వెంటనే చావు తర్వాత ఏముందో అన్న భయం మనిషిని ఆపుతుందని హామ్లెట్ అంటాడు. రెండు భాగాలకూ లంకె ఇదే. లెక్క చూసేవాడు అవతల ఇంకా కూర్చునే ఉన్నాడు.

పదవేది
రంగస్థలి గారు వాక్యాన్ని చదివిన తీరు ఆకర్షణీయంగా ఉంది కానీ "హిమ్‌సెల్ఫ్" మీద అంత బరువు మోపవచ్చా? అది "ఇంత సులువుగా, తన చేత్తోనే" అని చెప్పడానికే కావచ్చు. 1603లో అచ్చైన మొదటి క్వార్టోలో, అంటే ఈ నాటకం తొలి ముద్రణలో, ఈ చోట "హిజ్ ఫుల్ క్వైటస్" అని ఉంది, అక్కడ "హిమ్‌సెల్ఫ్" లేదు. ఆ ప్రతి పాఠం నమ్మదగ్గది కాదు, నిజమే. అయినా "పూర్తి క్వైటస్" అని వినబడిందంటే ఆనాటి వినేవాళ్ల చెవికి సంపూర్ణ విముక్తి అనే అర్థమే తట్టిందని కదా!

రంగస్థలి
"ఫుల్" అనేది కూడా లెక్కల మాటే. పూర్తి చెల్లు, పాక్షిక చెల్లు అనే తేడా పద్దుల్లోనే ఉంటుంది, చావులో ఉండదు. అది నా వాదానికే సాయం చేస్తుంది.

పైగా లెక్కల భాష ఈ నాటకంలో ఒక్కచోట తగిలేది కాదు. మొదటి అంకం అయిదో దృశ్యంలో తండ్రి ప్రేతం తన చావును గురించి, లెక్క తేల్చుకోకుండానే తనను లెక్క అప్పజెప్పే చోటికి పంపేశారని వాపోతుంది. మూడో అంకం మూడో దృశ్యంలో, తండ్రిని చంపిన క్లాడియస్ ప్రార్థన చేస్తున్నప్పుడు హామ్లెట్ తండ్రినే తలుచుకుని "అతని ఆడిట్ ఎలా నిలిచిందో స్వర్గానికే తెలియాలి" అంటాడు. "ఆడిట్" అన్న మాటే వాడాడు. అంటే దేవుడు తనిఖీదారు, మనిషి లెక్క అప్పజెప్పే గుమాస్తా అనే బొమ్మ నాటకమంతా నడుస్తోంది. క్వైటస్ ఆ బొమ్మలో ఒక ముక్క.

గంటం
ఇదే జోడీ, ఆడిట్, క్వైటస్, షేక్స్పియర్ 126వ సానెట్ పద్యంలో పక్కపక్కనే ఉంది. ప్రకృతి ఒక అందగాడిని ముసలితనం నుంచి ఎంత కాపాడినా చివరికి కాలానికి లెక్క చెప్పాలి. ఆమెకు క్వైటస్ దొరకాలంటే అతన్ని అప్పగించాలి. ఇక్కడ క్వైటస్ అంటే చావు అని పెట్టి చూడండి, వాక్యం కుప్పకూలుతుంది. చచ్చేది ప్రకృతి కాదు, అందగాడు. ప్రకృతికి దొరికేది రసీదు. రంగస్థలి గారి పక్షాన ఇంతకన్నా గట్టి సాక్ష్యం లేదు.

ఆ సానెట్‌కి ఇంకో చమత్కారం ఉంది. 14 పాదాలు ఉండాల్సిన చోట 12 మాత్రమే ఉన్నాయి. 1609 ముద్రణలో మిగిలిన రెండు పాదాల స్థానంలో ఖాళీ కుండలీకరణాలు అచ్చేశారు. ఆ ఖాళీని చెల్లని పద్దుగా చదివేవాళ్లూ ఉన్నారు. నాకైతే అచ్చుకూర్పరి పని అనిపిస్తుంది.

వెబ్‌స్టర్ నాటకం "ద డచెస్ ఆఫ్ మాల్ఫీ"లో ఇంకా సూటిగా ఉంది. డచెస్ తన ఇంటి పద్దులు చూసే ఉద్యోగి ఆంటోనియోని పెళ్లాడుతూ, నా దగ్గరికి బాకీతో రాకూడదు కదా అని అతని పెదవుల మీద ముద్దుతో "క్వైటస్ ఎస్ట్" సంతకం చేస్తానంటుంది. లెక్కల గుమాస్తాకి యజమానురాలు ఇచ్చే చెల్లు అది. హామ్లెట్ తర్వాత పదేళ్లకు పైగా గడిచినా "ఎస్ట్" తోకతో సహా మాట ప్రేక్షకులకు అర్థమవుతోందన్నమాట.

పదవేది
సానెట్ దెబ్బకు నేను మెత్తబడ్డాను. హామ్లెట్‌లో "చావు" అనేది మాట అర్థం కాదు, వాక్యం అర్థం. నిఘంటువులు వాక్యం అర్థాన్ని మాట మీద వేశాయి.

మూడో అర్థం సంగతి కూడా ముగిస్తాను. రోల్స్ చదివేవాళ్లు తగ్గి క్వైటస్‌కి ఖజానా వాసన పోయాక, జనం దాన్ని "క్వైట్"కి పెద్దన్నలా వినడం మొదలుపెట్టారు. ఊరుకోబెట్టేది, నోరు మూయించేది. 19వ శతాబ్దంలో "పుట్ ద క్వైటస్ ఆన్" అనే వాడుక స్థిరపడింది. పుకారు మీద, పథకం మీద, ఎదుటివాడి ఆశ మీద క్వైటస్ పెట్టడం. అమెరికన్ వాడుకలో ఇది ఇప్పటికీ వినబడుతుంది.

వాడేటప్పుడు చూసుకోవాల్సినవి: "గివ్" అయితే వెంట "ఇట్స్" లేదా "హిజ్" రావాలి, "పుట్" అయితే ముందు "ద", వెనక "ఆన్" లేదా "టు". సభ ముగిసింది, సెలవులు అయిపోయాయి వంటి మామూలు ముగింపులకు ఇది అతకదు. బతికే అవకాశం ఉన్నదాన్ని బయటి శక్తి ఏదో వచ్చి ముగించినప్పుడే నప్పుతుంది. "కూ ద గ్రాస్"తో కలపకండి. అది కొన ఊపిరితో ఉన్నవాడికి దయతో వేసే ఆఖరి దెబ్బ. క్వైటస్‌లో దయ లేదు, దెబ్బా తప్పనిసరి కాదు. (అన్నట్టు దాన్ని "కూ ద గ్రా" అని స కారం మింగేసి పలికేవాళ్లు దయకు బదులు కొవ్వు అంటున్నారు.)

వేరుమూలం
క్వియేటుస్‌కీ మన "శాంతి"కీ ధ్వని కూడా దగ్గరే, అర్థమూ అదే. ఒకే ధాతువు అయ్యుండాలి.

పదవేది
కాదండి. శాంతి "శమ్" ధాతువు నుంచి వచ్చింది. క్వియేటుస్ ధాతువు ఇండో-యూరోపియన్ మూలంలో "క్వ్యె" వంటి ధ్వనితో మొదలవుతుంది, అర్థం "హాయిగా విశ్రమించు". దీని సంతానం మీరు ఊహించని చోట్ల ఉంది. ఇంగ్లీషు "వైల్", అంటే కాసేపు, దీని బంధువే. పారశీకంలో "షాద్", సంతోషం, కూడా ఇక్కడిదే. దానినుంచి వచ్చిన "షాదీ" మనకు పెళ్లిగా తెలుసు. పోకార్నీ ధాతుకోశం సంస్కృతంలోని "చిర" శబ్దాన్ని కూడా ఈ కుటుంబంలోనే చూపుతుంది. చిరంజీవిలో ఉన్న "చిర".

ఇంగ్లీషులో నేరుగా లాటిన్, ఫ్రెంచి దారిలో వచ్చినవి చాలా ఉన్నాయి. క్విట్, అక్విట్, రిక్వైట్ అన్నీ "బాకీ వదిలించు" వైపువి. "క్వైట్ రైట్" అన్నప్పుడు వచ్చే, స్పెల్లింగ్ చివర e ఉన్న "క్వైట్" కూడా ఈ వైపుదే: పూర్తిగా తేలిన, అందుకే పూర్తిగా. రెక్వియమ్, అక్వియెస్, ఫ్రెంచి నలిగి వచ్చిన "కోయ్" విశ్రాంతి వైపువి.

పాత_దస్తావేజు
ముగింపు అనే మాట సొమ్ములోకి జారడం క్వైటస్ ఒక్కదానికే పరిమితం కాదు. "ఫైన్" తీసుకోండి. లాటిన్ "ఫినిస్", అంతం. ఇంగ్లండు కోర్టుల్లో భూతగాదా రాజీతో ముగిస్తే దాన్ని ఫైన్ అనేవారు. పత్రం "ఇది తుది ఒడంబడిక" అనే లాటిన్ వాక్యంతోనే మొదలయ్యేది. 1195 నుంచి ఒకే తోలు మీద మూడు ప్రతులు రాసే పద్ధతి వచ్చింది. పైన పక్కపక్కన రెండు, అడుగున అడ్డంగా మూడోది. మధ్య ఖాళీల్లో ఒక మాట రాసి, ఆ అక్షరాల మీదుగా వంకరటింకరగా కోసేవారు. పై రెండూ పక్షాలకు, అడుగుది కోర్టుకు. పేచీ వస్తే అంచులు జోడించి చూడడమే, ట్యాలీ కర్ర సూత్రమే ఇది. ఆ అడుగు ముక్కల్ని "ఫీట్ ఆఫ్ ఫైన్స్" అంటారు. 1833 చట్టంతో ఈ పద్ధతి రద్దయింది.

తగాదా ముగించుకోవడానికి కట్టే సొమ్ము ఫైన్, తర్వాత జరిమానా. పాత ఫ్రెంచిలో "ఫినే" అంటే ముగించు, బాకీ తీర్చు, దానినుంచి ఫైనాన్స్. ఆర్థిక శాఖ పేరులో అంతం అనే మాట ఉందని ఎంతమందికి తట్టి ఉంటుంది?

జమాఖర్చు
క్వైటస్ చచ్చిన మాట అనుకోకండి. అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో కౌంటీ ఖజానాకి సొమ్ము జమ అయినప్పుడు కౌంటీ ఆడిటర్ ఇచ్చే రసీదు పేరు ఇవాళ్టికీ క్వైటస్. ఏ నిధికి ఎంత జమ అయిందో అందులో ఉంటుంది. అక్కడి గుమాస్తాలు దాన్ని క్రియగా కూడా వాడతారు, "ఆ సొమ్ము క్వైటస్ చేశారా?" అని. హామ్లెట్ పేరెత్తకుండా రోజూ వాడుతున్నారు.

పాత_దస్తావేజు
అనువాదకులకు ఇదే కుటుంబంలో రెండు గుంతలున్నాయి, చెప్పకుండా ఉండలేను. అద్దె ఒప్పందాల్లో "క్వైట్ ఎంజాయ్‌మెంట్" అని ఉంటుంది. దాన్ని "ప్రశాంతంగా ఆనందించడం" అని రాసినవి కనబడతాయి. అది సద్దుకు సంబంధించిన మాట కాదు. అద్దెకు ఇచ్చినవాడు గానీ, అతని ద్వారా హక్కు చెప్పుకునేవాడు గానీ అడ్డురాకుండా అనుభవించడం అని. "నిరాటంక అనుభవం" సరిపోతుంది. రెండోది "క్విట్‌క్లెయిమ్". ఇచ్చేవాడు తనకేదైనా హక్కు ఉంటే అది వదులుకుంటున్నానంటాడు తప్ప, ఉందని హామీ ఇవ్వడు. దాన్ని "విక్రయం" అని రాస్తే కొనేవాడికి లేని ధీమా ఇచ్చినట్టు. రెండింటిలోనూ క్వైట్, క్విట్ అంటే "ఇతరుల దావా లేనిది", పైప్ రోల్‌లో ఉన్న అర్థమే.

సందేహాల_పుట్ట
ఇన్ని తెలిశాక నా వాక్యం మరీ కష్టమైంది. "ఆ తీర్పు పథకానికి..." తర్వాత ఏం రాయను?

రంగస్థలి
"మంగళం పాడింది" అనండి. ప్రదర్శన చివర మంగళహారతి పాడతారు, ఇక ఆట లేదని అర్థం.

గంటం
తెలుగులో ముగింపు జాతీయాలకు కరువు లేదు కానీ ఎవరు ముగిస్తున్నారన్నది చూడాలి. "స్వస్తి పలకడం" తన పనికి తానే పలుకుతాడు. ఉద్యోగానికి, అలవాటుకు, రాజకీయాలకు. "తిలోదకాలివ్వడం" ఉండాల్సిన విలువను వదిలేయడం, అందులో నింద ఉంది. "నీళ్లొదలడం" ఆశ వదులుకోవడం. ఈ మూడూ క్వైటస్‌కి పనికిరావు, ఎందుకంటే తీర్పు పథకాన్ని బయటినుంచి ముగిస్తోంది. "ఆట కట్టించడం" బయటినుంచే కానీ ఎదుటివాడు దుర్మార్గుడై ఉండాలి. పథకం మోసపు పథకం అయితే బ్రహ్మాండంగా కుదురుతుంది. పైగా ఆటకట్టు చదరంగపు మాట, ఎక్స్‌చెకరూ చదరంగపు బల్లే.

"మంగళం పాడడం" బయటివాడూ చేయొచ్చు, లోపలివాడూ చేయొచ్చు. అయితే వెటకారం ఉంటుంది. మూల వ్యాసం గంభీరంగా ఉంటే "ఆ తీర్పుతో పథకం కథ ముగిసింది" చాలు.

జమాఖర్చు
రసీదు అర్థానికి మాత్రం మనకు సిద్ధంగా ఉంది: చెల్లుచీటీ. "క్విట్స్" అంటే చెల్లుకు చెల్లు. అంతేకాదు, తెలుగులో కూడా చెల్లు పద్దులోంచి చావులోకి నడిచింది. "భూమ్మీద నూకలు చెల్లాయి" అనడం లేదూ?

పదవేది
అలాగైతే హామ్లెట్ వాక్యానికి "తన పద్దుకు తానే చెల్లు రాసుకోగలిగి ఉండగా" అని పెట్టొచ్చు. "చచ్చిపోవచ్చు కదా" కన్నా వెయ్యి రెట్లు మేలు. బాడ్కిన్ దగ్గర జాగ్రత్త. నిఘంటువులో "దబ్బనం" అని కనబడుతుంది. ఆ కాలంలో చిన్న బాకును కూడా బాడ్కిన్ అనేవారు, ఇక్కడ ఉద్దేశించింది అదే. "బేర్" అంటే ఒర లేనిది అని కావచ్చు, ఒట్టి అని కావచ్చు.

రంగస్థలి
"ఒట్టి బాకుతో" అంటే రెండూ ఇమిడిపోతాయి. నేనైతే దబ్బనాన్ని కూడా పూర్తిగా కొట్టేయను. అంత చిన్న వస్తువుతో అంత పెద్ద లెక్క ముగుస్తుందన్న తేలికభావం అందులో ఉంది. కాకపోతే ప్రేక్షకుడికి గోనెసంచీ గుర్తొస్తుంది.

సందేహాల_పుట్ట
నా వ్యాసంలో పథకం మదుపరుల్ని ముంచినదే. కాబట్టి "ఆ తీర్పు పథకం ఆట కట్టించింది" అని ఖాయం చేస్తున్నాను. ఆఖరి చిన్న సందేహం: బహువచనం "క్వైటై"నా?

పదవేది
కాదు, "క్వైటసెస్". లాటిన్‌లో అది వాక్యంలోంచి తెంచిన ముక్క కాబట్టి లాటిన్ బహువచనం అతికించే పని లేదు. ఇండియానా గుమాస్తాలు కూడా అలాగే రాస్తారు.